ఎముకల బండి వెంట పడమటి ప్రకాశం

తిరిగొచ్చి పది రోజులైంది. ఇప్పటికీ మా వీధిలో ఎవరు ఎదురుపడినా ఒకటే ప్రశ్న: మార్కాపురంలో మీకెవరున్నారండీ అని. ఎవరూ లేరు. చుట్టాలున్న ఊరికి వెళ్ళడం ప్రయాణమెలా అవుతుంది, పెట్టింది తిని రావడం అవుతుంది గానీ. నేను వెళ్ళింది ఎముకల బండితో. ఆ మాట అనగానే ఎదుటివాళ్ళ ముఖం అదోలా అయిపోతోంది. అందుకని మొత్తం రాసేస్తున్నాను. ఇకమీదట అడిగినవాళ్ళ చేతిలో ఈ కాగితాలు పెట్టి ఊరుకుంటాను.

మా తమ్ముడి కూతురు వాసంతి ఎముకల డాక్టరు. గుంటూరులో ఓ ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఆ ఆసుపత్రివాళ్ళు పెద్ద వ్యానులో రెండు మిషన్లు బిగించి ఊళ్ళమీదికి పంపుతున్నారు. ఎముక విరిగాక ఎక్స్‌రే తీయడం మనందరికీ తెలుసు. ఈ బండి పని విరక్కముందు. నలభై దాటిన ఆడవాళ్ళకు ఎముకలు లోలోపల గుల్లబారుతుంటాయట. నొప్పి ఉండదు, వాపు ఉండదు. ఒకరోజు కాలు జారితే తుంటి విరుగుతుంది, అప్పుడు బయటపడుతుంది. పెద్ద మిషను నడుము ఎముకా తుంటి ఎముకా ఎంత చిక్కగా ఉన్నాయో కొలుస్తుంది. కొత్తగా వచ్చిన చిన్న మిషను ఇంకో మెట్టు పైన. మణికట్టు లోపలికి తొంగిచూసి, ఎముక అల్లిక ఎలా ఉందో సన్న సన్నగా ఫొటో తీస్తుంది.

ఫారాలు నింపే అమ్మాయికి పెళ్ళి కుదిరి మానేసిందట. "అత్తా, నాలుగు రోజులు వస్తావా" అని వాసంతి ఫోను చేసింది. పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు ఫారాలు నింపిన చెయ్యి నాది. ఒక్క గడి తప్పు పడ్డ పాపాన పోలేదు. ఈ మాట పాలకొల్లు నుంచి గుంటూరు దాకా బస్సులో పక్కనున్నావిడకు రెండుసార్లు చెప్పాను కూడా.

స్టేషను ఒకచోట, ఊరు ఇంకోచోట

వ్యాను ముందే బయల్దేరింది. నేను గుంటూరులో నంద్యాల వైపు వెళ్ళే రైలెక్కాను. వినుకొండ దాటేదాకా పచ్చగానే ఉంది. ఆ తర్వాత నేల రంగు మారింది. ఎర్రమట్టి, రాళ్ళు, వాటి మధ్య మిరపచేలు. కాలవ గట్టున పుట్టి పెరిగినదాన్ని, కిటికీలోంచి నీళ్ళ కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. ఎదురు సీటు ముసలాయన నా అవస్థ చూసి నవ్వి, సంచిలోంచి ఉడకబెట్టిన చెనిక్కాయలు దోసెడు తీసి నా ఒళ్ళో పోశాడు. మా వైపు వేరుశనక్కాయ అంటాం. పేరేదైతేనేం, మార్కాపురం రోడ్డు వచ్చేదాకా నా నోరు ఖాళీగా లేదు.

స్టేషను పేరు చివర రోడ్డు అని ఉంటే, ఊరు అక్కడ లేదని అర్థమట. దిగి చూస్తే ఆటోలు తప్ప ఏమీ లేదు. ఊళ్ళోకి చేరాక హోటల్లో కూర్చున్నాను. సర్వరు దోసె సంగతి అడక్కముందే "మామూలు నీళ్ళా, ప్లాంటు నీళ్ళా" అన్నాడు. నీళ్ళలో రకాలేమిటయ్యా అన్నాను. నన్ను ఎగాదిగా చూసి ప్లాంటు నీళ్ళే తెచ్చాడు. వీధి మొగల్లో ఐదు రూపాయల బిళ్ళ వేస్తే శుద్ధిచేసిన ఆ ప్లాంటు నీళ్ళతో బిందె నిండే మిషన్లున్నాయి. మా ఊళ్ళో కూడా ఉన్నాయిలెండి, కానీ అక్కడ అదొక షోకు. ఇక్కడ జనం వరస కట్టి, ఇంట్లో ఎంతమందికి ఎన్ని బిందెలు సరిపోతాయో లెక్కేసుకుని పట్టుకెళుతున్నారు.

వ్యాను సాయంత్రానికి వచ్చింది, కాస్త కుంటుతూ. రోడ్డు తవ్వి వదిలేసిన చోట గోతిలో పడిందట. డ్రైవరు బాషా ముఖం వేలాడేసుకుని దిగాడు. మిషన్లు చూసుకునేది కూడా అతనే. పెద్ద మిషను బాగానే ఉంది, చిన్నది అలిగింది. ఎన్నిసార్లు ఆన్ చేసినా ఎర్రదీపమే. బాగుచేసే మనిషి నంద్యాల నుంచి ఎల్లుండి గిద్దలూరు వస్తాడని తేలింది. ఈలోపు పెద్ద మిషనుతోనే నెట్టుకొద్దాం అంది వాసంతి.

పలకల ఊరు

మర్నాడు శనివారం. మార్కాపురానికి కాస్త దూరంలో ఒక ఊరు. చర్చి ఆవరణలో వేపచెట్ల కింద బండి ఆపాం. పాస్టరుగారు ముందురోజే మైకులో చెప్పారట, తెల్లారేసరికి ఆడవాళ్ళు వచ్చి కూర్చుని ఉన్నారు. సగం మంది కూలిపనివాళ్ళు, సగం మంది పలకల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు. చిన్నప్పుడు మనం అ ఆలు దిద్దిన నల్లపలకలు ఈ నేలలోంచి వచ్చినవే. ఇప్పుడు పిల్లల చేతుల్లో పలకలు తగ్గాయి గానీ, గోడలకూ ఇంటి ముందు నేలకూ ఆ రాయే కోసి పంపుతున్నారు.

నేను టేబులూ కుర్చీ వేసుకుని దర్జాగా కూర్చున్నాను. పేరు, వయసు, కాన్పులు, ఎప్పుడైనా ఎముక విరిగిందా, తాగేది ఏ నీళ్ళు. చివరి ప్రశ్నకు రెండు గడులు: ప్లాంటు నీళ్ళు, బోరు నీళ్ళు. వరస పెద్దది. త్వరగా తేలాలని నేనే అందించాను, మంచినీళ్ళే కదమ్మా తాగేది అని. అందరూ మంచినీళ్ళే అన్నారు. ప్లాంటు గడిలో టకటకా టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

రూతమ్మ అప్పుడే వచ్చింది. యాభైకి ఒకటో రెండో తక్కువ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. ఫ్యాక్టరీలో మంచీ చెడ్డా చూసి పలకలు ఏరే పని. వచ్చీరాగానే తనకు తొందరుందని చెప్పి, వరసలో ముందున్న నలుగురినీ వదినా, పిన్నీ అని బుజ్జగించి దాటేసింది. నాకు ఒళ్ళు మండింది. వరస తప్పితే నాకు గిట్టదు. అదే మాట అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, నా పక్కనే నేలమీద చతికిలబడి సంగతి చెప్పింది.

వాళ్ళమ్మ పెరట్లో బట్టలారేస్తూ పడింది. తుంటి విరిగింది. మూడేళ్ళు మంచంలోనే ఉండి కన్నుమూసింది. ఆ మూడేళ్ళూ చూసుకున్నది రూతమ్మే. ఇప్పుడు ఫ్యాక్టరీలో మేస్త్రీ లోడింగు పని ఇస్తానన్నాడు. పలకల పెట్టెలు నెత్తిన పెట్టుకుని లారీ ఎక్కించాలి, కూలి ఎక్కువ. సోమవారం నుంచే. కనిగిరిలో కూతురు నర్సింగు చదువుతోంది, డబ్బు అవసరం. కానీ భయం.

"మా అమ్మ మాదిరి నేనూ ఇరిగి పడితే నన్ను చూసేటోళ్ళు ఎవరున్నారక్కా? బిడ్డ చదువు ఇడిసిపెట్టి రావాల. నా ఎముకలు ఎట్లున్నాయో సూసి చెప్పండి. బాగుంటే ఎక్కుతా, లేకుంటే లేదు."

బల్లమీద పడుకోబెట్టారు. పది నిమిషాల్లో కాగితం వచ్చింది. ఎముక ఉండాల్సినదానికన్నా చిక్కగా ఉంటే ప్లస్సు, పలచబడితే మైనస్సు. రూతమ్మ నడుము ఎముకకు ప్లస్సు, అది కూడా మామూలు ప్లస్సు కాదు. అప్పటిదాకా వచ్చినవాళ్ళలో చాలామందికి ప్లస్సులే గానీ ఈవిడది అందరికన్నా ఎక్కువ. వాసంతి ఎందుకో నుదురు చిట్లించి తర్వాత మాట్లాడదాం అంది. నేను ఆగితేనా? ఆ కాగితం లాక్కుని, రూతమ్మా నీవి ఎముకలు కావే, ఇనప కడ్డీలు, లారీని కూడా ఎత్తేస్తావు పో అన్నాను. ఆవరణంతా నవ్వులు. రూతమ్మ చేతులు జోడించి పైకి చూసి ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంది. వెంటనే నా చెయ్యి పట్టుకుని, మధ్యాహ్నం అన్నం మా ఇంట్లోనే అంది.

వెళ్ళాను. సజ్జరొట్టె, చెనిక్కాయ పచ్చడి, చింతాకు పప్పు. మేం పప్పులో చింతపండు వేస్తాం, వీళ్ళు లేత చింతాకు దూసి వేస్తారు. మా ఇంట్లో రొట్టె అంటే ఒంట్లో బాగాలేనివాళ్ళ తిండి. ఇక్కడ అది భోజనం. మూడు తిన్నాను, నాలుగోది వద్దంటూనే తిన్నాను. నాకు స్టీలు గ్లాసులో క్యాను నీళ్ళు పోసి ఇచ్చింది. తను మూలనున్న కుండలోంచి ముంచుకు తాగింది. చుట్టానికి మర్యాద చేస్తోందని మురిసిపోయాను.

కంభం చెరువు మీదుగా

ఆదివారం పొద్దున బండి గిద్దలూరు వైపు సాగింది. దారిలో కంభం చెరువు. చెరువు అంటే మా ఊరి కోనేరంత అనుకున్నాను. గట్టెక్కి చూస్తే అవతలి ఒడ్డు కొండల్లో కలిసిపోయింది. రెండ్రోజులుగా నీళ్ళ కోసం మొహం వాచినదాన్ని, ఆ నీళ్ళను చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. వాసంతి సిగ్గుపడి వ్యానెక్కేసింది. గట్టు మీద ఒకావిడ వేయించిన చేపముక్కలు అమ్ముతోంది. గోదావరి చేప తిన్న నాలుక ఇంకో చేపను ఒప్పుకోదని అనుకునేదాన్ని. ఒప్పుకుంది. రెండో ప్లేటు బాషా కోసం అని చెప్పి కొని, సగం నేనే తిన్నాను.

గిద్దలూరు రైలుస్టేషను ఉన్న ఊరు, సందడెక్కువ. వెనకాల నల్లమల నీలంగా కనబడుతుంది. టిఫిను హోటల్లో ఉగ్గాని పెట్టారు. మరమరాలు తడిపి తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీ. వీళ్ళు మరమరాలను బొరుగులంటారు. ప్లేటు ముప్ఫై ఐదు. సర్వరు కారం తక్కువే అన్నాడు. నా కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే ఇంకో బజ్జీ వేసి, మొదటిసారి అట్లనే ఉంటుందమ్మా అని ఓదార్చాడు.

మా బండి ఆపింది బట్టల దుకాణాల బజారులో. ఆదివారం కాబట్టి దుకాణాల ఇళ్ళ ఆడవాళ్ళు తీరిగ్గా వచ్చారు. వాళ్ళలో సుబ్బరత్నమ్మగారు, పెద్ద బట్టల దుకాణం యజమాని భార్య, పట్టుచీరలో వచ్చి పడుకుని లేచారు. మైనస్ రెండున్నర అని చెప్పగానే ఆవిడకు కోపం వచ్చింది. మా ఇంట్లో దేనికీ మైనస్ లేదు, ఇంకోసారి చూడండి అన్నారు. వాసంతి నవ్వు ఆపుకుని, ముందుగా తెలిసింది కాబట్టి మందుతో అక్కడే ఆపొచ్చని చెప్పింది. కాసేపటికి ఆవిడే చల్లబడి, ఇంటినుంచి మజ్జిగ తెప్పించి మా అందరికీ పోశారు.

మధ్యాహ్నానికి నంద్యాల మనిషి వచ్చి చిన్న మిషను అలక తీర్చాడు. పచ్చదీపం వెలిగింది. బాషా దానికి దండం పెట్టాడు. మేమంతా నవ్వుతుంటే వాసంతి మాత్రం నిన్నటి ఫొటోలు కంప్యూటర్లో ముందుకీ వెనక్కీ తిప్పుతూ కూర్చుంది.

"అత్తా, ఆ ఊరి వాళ్ళ నడుము ఎముకలు ఇంత చిక్కగా ఉండకూడదు. వాళ్ళు తాగేది ఏ నీళ్ళు?"

ప్లాంటు నీళ్ళే, అన్నీ టిక్కు పెట్టాను చూసుకో అన్నాను గర్వంగా. మరెలా అని తల పట్టుకుంది. మజ్జిగ గ్లాసులు సర్దుతున్న సుబ్బరత్నమ్మగారు ఆ ఊరి పేరు విని ఆగారు. ఆవిడ పుట్టిల్లు దాని పక్క ఊరే. అక్కడ ప్లాంటు ఎక్కడుందమ్మా, ఎట్ల అడిగినావు అన్నారు. మంచినీళ్ళే తాగుతారా అని అడిగానన్నాను. ఆవిడ నెత్తి కొట్టుకున్నారు.

"మావైపు బోర్లు రెండు రకాలమ్మా. ఉప్పునీళ్ళ బోరు, మంచినీళ్ళ బోరు. ఉప్పగా లేకుంటే చాలు, అది మంచినీళ్ళే. ఆ మంచినీళ్ళు తాగే మా నాయన నడుము వంగిపోయినాడు. ప్లాంటు నీళ్ళు క్యాన్లో కొనేది చుట్టాలకు."

నాకు స్టీలు గ్లాసు గుర్తొచ్చింది. మూలనున్న కుండ గుర్తొచ్చింది. వాసంతి నిదానంగా చెప్పింది. ఆ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. అది ఏళ్ళ తరబడి ఎముకలో చేరి దాన్ని చిక్కగా చేస్తుంది. పెద్ద మిషను ఆ చిక్కదనాన్నే కొలిచి ప్లస్సు చూపిస్తుంది. కానీ ఆ ఎముక పెళుసు. లోపలి అల్లిక దెబ్బతిని ఉండొచ్చు, బరువు పడితే విరగొచ్చు. అది చిన్న మిషనులో చూస్తే తప్ప తెలియదు.

ముప్ఫై ఏళ్ళు తప్పు పడని చెయ్యి, ఒకే పూటలో ఒక ఊరంతటికీ తప్పు గడిలో టిక్కు పెట్టింది. అంతకన్నా పెద్ద తప్పు నా నోటిది. లారీని ఎత్తేస్తావు పో అన్నాను. సోమవారం అంటే రేపు.

పాస్టరుగారి ఫోను కలవలేదు. ఫారంలో ఉన్న నంబరు కూతురిది. ఆ పిల్ల కనిగిరి హాస్టల్లోంచి మాట్లాడింది. అమ్మకు ఫోను లేదు, పొద్దున ఏడింటికే ఫ్యాక్టరీకి పోతాది అంది. ఎందుకాంటీ అని అడిగింది. ఏమీ లేదమ్మా, రొట్టెలు బాగున్నాయని చెబుదామని అన్నాను. అంత అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు.

మళ్ళీ వెనక్కి

సోమవారం ఐదున్నరకే బండి కదిలింది. నేను మాట్లాడకపోవడం చూసి బాషాకు భయం వేసి రెండుసార్లు అద్దంలో చూశాడు. ఫ్యాక్టరీ దగ్గరికి వచ్చేసరికి లారీ నిలబడి ఉంది. పక్కన ఐదారుగురు ఆడవాళ్ళు. రూతమ్మ నెత్తిన చుట్టకుదురు సర్దుకుంటోంది. ఇద్దరు మగవాళ్ళు పెట్టె ఎత్తుతున్నారు.

బండి పూర్తిగా ఆగకుండానే దూకాను. నా ఒళ్ళేమిటి, దూకడమేమిటి. చెప్పు ఎగిరి ఎక్కడో పడింది. రాతిముక్కల మీద ఒంటి చెప్పుతో పరిగెత్తుతూ, దించండర్రా దించండి అని పోస్టాఫీసు గొంతుతో అరిచాను. పెట్టె కింద పెట్టారు. మేస్త్రీ ఏందమ్మా ఇది, పొద్దున్నే అన్నాడు. నాకు ఊపిరి అందలేదు, రూతమ్మ భుజం పట్టుకుని ఆవిడ మీదే ఆనుకుని నిలబడ్డాను. ఆవిడ నా వీపు నిమురుతూ, ఎవరన్నా నీళ్ళు తెండి అంది.

బండిలో కూర్చోబెట్టి మణికట్టును చిన్న మిషనులో పెట్టారు. మూడు నిమిషాలు కదలకూడదు. రూతమ్మ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఉంది. తెరమీద ఫొటో వచ్చింది. నాలాంటిదానికి కూడా అర్థమైంది. పైన అంచు మందంగా తెల్లగా ఉంది. లోపల జల్లెడలా ఉండాల్సిన అల్లిక ఒకచోట ముద్దకట్టి, ఇంకోచోట తెగి, నల్లగా ఖాళీలు కనబడుతున్నాయి.

పైకి మందంగా ఉన్నా లోపల గట్టి లేదని వాసంతి తడబడుతూ చెప్పింది. మొన్న గట్టివన్నాం, ఇప్పుడు కాదంటున్నాం. రూతమ్మ ఆ తెర దగ్గరికి వంగి చూసింది. కిందికి దిగి, షెడ్డులోంచి రెండు పలకలు తెచ్చింది. రెండూ ఒకే సైజు, ఒకటి మాత్రం కాస్త దళసరి. వేలిగోటితో ఒకదాని మీద కొట్టింది, టంగుమంది. దళసరిదాని మీద కొట్టింది, మొద్దుగా చప్పుడైంది.

"ఇరవై ఏండ్లుగా నా పని ఇదే డాక్టరమ్మా. సూసేదానికి ఇది మందం. లోపల పొర విడిపోయింటాది, కంటికి కనపడదు. పెట్టెలో పెడితే ఫస్టు ఇరిగేది ఇదే. నాది ఇట్ల అయిందనా మీరు చెప్పేది?"

అదే అంది వాసంతి. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఇన్నాళ్ళు చదివిన చదువులో ఇంత బాగా ఎవరూ చెప్పలేదమ్మా అంది. అక్కడినుంచి మాటలు సులువయ్యాయి. బరువులు ఎత్తొద్దు, జారే చోట జాగ్రత్త, గుంటూరు వస్తే మిగతా పరీక్షలు చేసి మందు మొదలుపెడతాను, అన్నిటికన్నా ముందు నీళ్ళు మార్చాలి. క్యాను నీళ్ళు చుట్టాలకు గదా అని రూతమ్మ నసిగింది. నాకు కోపం ఆగలేదు. ఇవాళ్టినుంచి నీ ఇంటికి నువ్వే చుట్టానివి, ఆ స్టీలు గ్లాసు నీదే, కుండ పగలగొట్టి పారెయ్ అన్నాను.

అప్పుడు నా తప్పు చెప్పుకున్నాను. టిక్కుల సంగతి, ఇనప కడ్డీల సంగతి, అన్నీ. నా నోటి వల్ల నువ్వు ఈపాటికి మంచమెక్కేదానివి రూతమ్మా అంటూ ఏడ్చేశాను. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. లోడింగు కూలి పోయింది కదా, కూతురి చదువుకు ఇంకేం దారి అని అడుగుతుందనుకున్నాను. ఆవిడ వాసంతి వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగింది, ఇంకా ఏదీ ఇరగలేదు గదా అని. లేదమ్మా అంది వాసంతి.

రూతమ్మ ముఖమంతా వెలుగు. చుట్టకుదురు విప్పి, ఆ గుడ్డతో నా కళ్ళు తుడిచింది.

"ఎందుకు ఏడుస్తావక్కా? మా అమ్మకు మంచాన పడినాక చెప్పినారు. నాకు నిలబడుకొని ఉండంగానే చెప్పినారు. మా ఇంట్లో ఎవరికన్నా ముందుగా తెలిసింది ఇదే మొదలు."

తర్వాత లారీ పక్కనున్న ఆడవాళ్ళ వైపు తిరిగి, పెట్టెలు ఆడనే ఉంటాయి గానీ రండి, నిలబడి ఉన్నప్పుడే చూపించుకుందాం అని పిలిచింది. ఒక్కొక్కరే చుట్టకుదుర్లు తీసేసి బండి దగ్గరికి వచ్చారు. మేస్త్రీ కాసేపు గొణిగి, మా ఆవిణ్ణి కూడా తీసుకొస్తా, పన్నెండు దాకా ఉంటారా అని అడిగాడు. ఉంటాం అన్నాను.